ఓలీటా తుపాకీకి లైటు

ఫిబ్రవరిలో వాగు వైపు కంచె బిగిస్తూ ఉంటే ముళ్ళతీగ పటుక్కున తెగి ఓలీటా హోమన్ కుడికంట్లో కొట్టింది. మెడకున్న రుమాలు విప్పి కంటికి కట్టుకుని, పికప్పు తనే నడుపుకుంటూ మా ఊరు ఫ్లింట్ క్రాసింగ్ దాకా వచ్చింది. వచ్చే దారిలో బండి ఆపి, దిగి, గేటు మూసి మరీ వచ్చిందట. లేకపోతే మేకలు రోడ్డెక్కుతాయని. శాన్ ఆంటోనియోలో డాక్టర్లు ఆ కన్ను దక్కదని తేల్చేశారు.

ఆవిడ ఆసుపత్రి నుంచి రాకముందే ఊరు ఒక తీర్మానానికి వచ్చేసింది. ఓలీటా పని అయిపోయింది, మేకల్ని అమ్మేస్తుంది, పొలం కౌలుకిచ్చేస్తుంది అని. చర్చి ఆడవాళ్ళు వంతులవారీగా వంటలు పట్టుకెళ్ళారు. ఆవిడ అందరికీ థాంక్స్ చెప్పి, తిని, గిన్నెలు కడిగి వెనక్కి పంపింది. మేకల సంగతి ఎవరు ఎత్తినా మాత్రం, "అవి ఈనే వేళ దగ్గరపడింది, పనుంది" అని లేచిపోయేది.

నేను ఎమ్మెట్ స్ట్రీగ్లర్ కొట్లో గల్లా దగ్గర కూర్చుంటాను. దాణా, ఉప్పుదిమ్మలు, కంచె తీగ ముందుభాగంలో, తుపాకులూ తూటాలూ వెనక గోడకి. ఈ చుట్టుపక్కల ఎవరికి ఏం జరిగినా ముందు మా కొట్లోనే తెలుస్తుంది. ఓలీటాని నేను చిన్నప్పటి నుంచీ ఎరుగుదును. పందొమ్మిదేళ్ళప్పుడు కౌంటీ సంతలో మేకల బొచ్చు కత్తిరించే పోటీకి ఆడవాళ్ళని రానివ్వం అన్నారు. ఆవిడ సొంత మేకని తెచ్చుకుని, సంత గేటు బయట నిలబడి, లోపల మగాళ్ళు కత్తిరిస్తుంటే తనూ బయట కత్తిరించింది. జనం సగం మంది గేటు బయటికే వచ్చేశారు. మరుసటేడు రానిచ్చారు. అప్పుడు ఆవిడ వెళ్ళలేదు. "వాళ్ళు పిలిచాక ఇక మజా ఏముంది?" అంది.

భర్త వెర్నర్ పోయినప్పుడు ఆవుల్ని అమ్మింది గానీ బొచ్చు కోసం పెంచే అంగోరా మేకల్ని అమ్మలేదు. కొనడానికి వచ్చినాయన వాటిని చూసి "కలుపుమొక్కల్లాంటివి" అన్నాడట. ఆ ఒక్క మాటకి బేరం పోయింది. అప్పటి నుంచి ఒక్కతే. అరవై ఆరేళ్ళు వచ్చినా ట్రెయిలరుని వెనక్కి నడపడానికి కూడా ఇంకొకరిని బండి ఎక్కనివ్వదు.

తమ్ముడు డెల్మర్ ఒకడున్నాడు, ఊళ్ళోనే. మంచివాడే, కాకపోతే భయస్తుడు. అక్క ఇంటికొచ్చిన వారంలోనే వెళ్ళి వంటింట్లో కూర్చుని మెల్లిగా మొదలుపెట్టాడు.

"అక్కా, బావ రైఫిలు నా దగ్గర పెట్టనా?"

"ఎందుకు, నీది అరిగిపోయిందా?"

"అది కాదు. ఒంటికన్నుతో నువ్వు... ఏదన్నా పొరపాటు జరిగితే?"

"రెండు కళ్ళున్న నువ్వు కిందటేడు ట్రాక్టరుని పశువుల చెరువులో దింపావు. నీ దగ్గర తాళాలు ఎవరన్నా లాక్కున్నారా?"

డెల్మర్ కాఫీ తాగి వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి ఆవిడ ఇంటి వెనక తూటాల చప్పుడు మొదలైంది. వెర్నర్ రైఫిలు పాతకాలపుది, కింద లివరు లాగితే తూటా ఎక్కుతుంది. ఏ చేత్తో అయినా ఆడించొచ్చు. జన్మంతా కుడి భుజం మీద పెట్టి కాల్చిన మనిషి ఎడమ భుజానికి మార్చుకుంది. దాణా డబ్బాలు వరసగా పెట్టి మార్చి నెలంతా కాల్చింది. భుజం నల్లగా కమిలిపోయిందని కొట్లో కాలరు పక్కకి లాగి మరీ చూపించింది, అదేదో పతకం అయినట్టు.

ఏప్రిల్లో మేకలు ఈనడం మొదలైంది. దాంతో పాటే అడవిపందులు దిగాయి. మా దగ్గర పందులు మొక్కజొన్న తిని ఊరుకోవు, అప్పుడే పుట్టి కాళ్ళు నిలదొక్కుకోని మేకపిల్లల్ని కూడా తినేస్తాయి. పొద్దున వెళ్ళి చూస్తే తల్లిమేక ఖాళీ నేలని వాసన చూస్తూ అరుస్తుంటుంది. గిట్టలు కూడా మిగలవు. ఓలీటా బోను పెట్టింది. చిన్నవి పడ్డాయి. గుంపుని నడిపించే ముసలి ఆడపంది మాత్రం బోను చుట్టూ తిరిగి చూసి పోయేది. అది సరిగ్గా పొద్దుగూకాక, గురి చూసుకునే వెలుతురు పోయాకే వాగులోంచి పైకొచ్చేది.

అలా ఒకరోజు మధ్యాహ్నం ఓలీటా నల్లటి కంటిపట్టీతో మా కొట్లోకి వచ్చి నేరుగా వెనక కౌంటరు దగ్గరికి నడిచింది.

"ఎమ్మెట్, నా రైఫిలుకి ఒక లైటు కావాలి."

ఎమ్మెట్ ఆవిడతో బళ్ళో చదువుకున్నవాడు. కళ్ళద్దాలు పైకి నెట్టి చూశాడు. "ఎంత దూరం కాలుస్తావు?"

"వాగు ఒడ్డున బండరాయి మీద కూర్చుంటే నీళ్ళతొట్టి దాకా. అంతకన్నా దూరం నేను కాల్చను."

"అయితే సన్నగా, సూటిగా పోయే వెలుగు తీసుకో."

"సన్నది నాకెందుకు? కుడివైపు అసలే ఏమీ కనపడి చావదు. దుప్పటి పరిచినట్టు వెడల్పుగా పడేది ఇవ్వు."

"వెడల్పుది గదిలో బాగుంటుంది ఓలీటా. పొదల్లో నీ మీదికే తిరగబడుతుంది."

"కాల్చేది నువ్వా నేనా?"

అప్పుడు ట్రాయ్ బెనెడిక్ట్ కొట్లో ఉన్నాడు. నగరం నుంచి వచ్చేవాళ్ళని పందుల వేటకి తీసుకెళ్ళడం అతని వ్యాపారం. మోచేయి కౌంటరు మీద వేసి నవ్వాడు.

"ఓలీటమ్మా, ఎందుకండీ మీకీ శ్రమ? పొలం నాకు కౌలుకివ్వండి. హ్యూస్టన్ నుంచి మనుషుల్ని తెస్తా, మీ పందులన్నీ వాళ్ళే చూసుకుంటారు. మీరు వరండాలో కూర్చుని చల్లగా టీ తాగండి."

"పోయినేడు మీ హ్యూస్టన్ వాళ్ళు మా పక్క పొలం మూలర్ వాళ్ళ గాడిదని కాల్చారు కదయ్యా," అంది ఓలీటా. "అంత పొడుగు చెవులున్న దాన్ని! ఒక్కొక్కడికి రెండేసి కళ్ళుండి!"

కొట్లో అందరూ నవ్వారు. ట్రాయ్ కూడా నవ్వాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి.

ఎమ్మెట్ ఉన్న లైట్లన్నీ తీసి గుడ్డ మీద పరిచాడు. ఓలీటా వాటిని చూసి, "పారకర్ర ఒకటి ఇవ్వు, చుట్టే టేపు ఇవ్వు" అంది.

"దేనికి?"

"తుపాకీ పట్టుకుని నీ కొట్లో అటూ ఇటూ తిప్పమంటావా, జనం మధ్య?"

వెనక గడ్డి కొట్టంలో తలుపులు మూస్తే పట్టపగలే చీకటి. ఒక్కో లైటుని పారకర్రకి టేపుతో చుట్టి, కర్రని ఎడమ భుజానికి ఆనించి, కుడిచేత్తో కింద పట్టుకుని, బొటనవేలితో మీట నొక్కి చూసింది. మేం గుమ్మంలో నిలబడ్డాం. అరవై ఆరేళ్ళ మనిషి పారకర్రతో గడ్డిమోపులకి గురిపెడుతుంటే ట్రాయ్ ఆపుకోలేక, "గడ్డి లొంగిపోయిందండీ!" అన్నాడు. ఆవిడ వెనక్కి కూడా తిరగలేదు.

ఆ లైట్లన్నీ కుడిచేతివాటం వాళ్ళ కోసం చేసినవే. వాళ్ళు ఎడమచేత్తో ముందు పట్టుకుంటారు, బొటనవేలు గొట్టానికి ఎడమవైపు ఆనుతుంది. ఈవిడకి అది కుడివైపుకి రావాలి. మీట పక్కన ఉన్నవి ఆ దెబ్బతో పోయాయి. పొడుగు తీగ చివర మీట ఉన్నది ఒకటి చూపిస్తే, "పొదల్లో తగులుకుంటుంది. తీగలతో నాకిక చాలు" అని పక్కన పెట్టేసింది. రెండుసార్లు నొక్కితే టపటపా కొట్టుకునేది ఒకటుంది. దాన్ని సంతలో రంగులరాట్నానికి పెట్టుకోమంది. చివరికి వెనక ముడ్డి మీద లావుపాటి రబ్బరు బొత్తాం ఉన్నవి మిగిలాయి. నొక్కినంతసేపు వెలుగుతుంది, వదిలితే ఆరిపోతుంది. వాటిల్లో రెండు రకాలు, ఒకటి వెడల్పు, ఒకటి సన్నం. ఓలీటా వెడల్పుదే తీసుకుంది. కొట్టంలో ఆ మూల నుంచి ఈ మూల దాకా పట్టపగలైపోయింది మరి.

"చెప్పాను, పొదల్లో తిరగబడుతుంది," అన్నాడు ఎమ్మెట్.

"విన్నాను," అంది ఓలీటా.

మర్నాడు సాయంత్రం జరిగింది తర్వాత ఆవిడే నాకు చెప్పింది. పొద్దుగూకింది, పందులొచ్చాయి, నీళ్ళతొట్టి దగ్గర బురదలో గురగురమని చప్పుడు. రైఫిలు ఎత్తి బొత్తాం నొక్కింది. ముందున్న సీడరు చెట్ల కొమ్మలూ గడ్డీ గాల్లో దుమ్మూ అన్నీ ఒక్కసారి తెల్లటి గోడలా లేచి కంట్లో పొడిచాయి. గోడ అవతల పందులు బుస్సుమని వాగులోకి ఉరికాయి. ఆవిడకి ఏమీ కనపడలేదు. లైటు ఆర్పేశాక కూడా కనపడలేదు. ఉన్న ఒక్క కన్నూ మసకబారిపోయి, బండరాయి మీంచి దిగి నేల మీద కూర్చుని, చూపు తేరుకునేదాకా రైఫిలుని ఒళ్ళో పెట్టుకుని కదలకుండా ఉండిపోయింది.

"భయమేసిందా?" అని అడిగాను.

"వెయ్యదూ? కన్ను పోయిన రోజు కూడా అంత వెయ్యలేదు. రెండోది కూడా పోయిందనుకున్నాను. ఆ తర్వాత కోపం వచ్చింది. కోపం వస్తే నాకు బాగానే ఉంటుంది."

పొద్దున్నే కొట్టు తెరవగానే వచ్చి లైటుని కౌంటరు మీద పెట్టింది.

"ఒక్క మాట కూడా అనకు."

"నేనేమన్నాను?" అన్నాడు ఎమ్మెట్.

"నీ మొహం అంటోంది."

ఎమ్మెట్ మొహం కిందికి దించుకుని సన్న వెలుగుది తీశాడు. ముందు తొడిగే ఆకుపచ్చ అద్దం కూడా ఒకటి తీశాడు. తెలుపుకి బెదిరినంతగా పందులు ఆకుపచ్చకి బెదరవని వేటగాళ్ళ మాట. అతను నిజంగానే బెంగగా అడిగాడు.

"మరి కుడివైపో?"

"కుడివైపుకి మెడ ఉంది. తిప్పుకుంటాను."

"ఇంకోటి. దీంతో వెతకొద్దు ఓలీటా. తుపాకీ మీది లైటు ఎటు తిరిగితే గొట్టం అటు తిరుగుతుంది. వెతకడానికి టోపీకి పెట్టుకునేది విడిగా తీసుకో. ఎదురుగా ఉన్నదేంటో దాంతో చూసి తెలుసుకున్నాకే తుపాకీ ఎత్తు."

ఈసారి ఆవిడ వాదించలేదు. టోపీ అంచుకి తగిలించే చిన్న ఎర్రలైటు తనే ఏరుకుంది. ఎమ్మెట్ రైఫిలుకి బిగింపు వేసి, గొట్టం పక్కన కుడివైపుకి లైటు అమర్చాడు. వెనక ఇసుకగట్టు దగ్గరికెళ్ళి ఒక చెక్కకి కాల్చి చూశారు. గొట్టానికి కొత్త బరువు తగిలిస్తే తూటా పక్కకి పోవచ్చు. కొంచెం ఎడమకి పోయింది కూడా. గొట్టం కొసన ఉండే ముందు గురిముక్కని సుత్తితో ఒక్కటి తట్టి సరిచేశాడు. తుపాకీ వెనక్కి తన్నినా లైటు రెప్ప వెయ్యలేదు.

ఇదంతా డెల్మర్ చెవిన పడింది. మొదటి లైటు సంగతి కూడా పడింది. ఎవరు చెప్పారో గానీ, అక్క చీకట్లో గుడ్డిదై నేల మీద కూలబడిపోయిందని చెప్పారు. ఇక అతనికి నిద్రపట్టలేదు. అడిగితే ఇవ్వదని తెలుసు. ఆ శనివారం సాయంత్రం పికప్పుని మూలర్ వాళ్ళ పొలంలో ఆపి, వాగు వెంబడి నడిచి, అక్క కూర్చునే చోటికి వెనక నుంచి బయల్దేరాడు. ఆవిడకి అసలు ఏం కనపడుతుందో చూద్దామని, కుదిరితే రైఫిలు పట్టుకుపోదామని.

చీకటి పడుతోంది. ఓలీటా బండరాయి మీద ఉంది, రైఫిలు మోకాళ్ళ మీద, గొట్టం నేల వైపు. కుడివైపు కంచె దగ్గర ఆకులు కదిలాయి. కన్ను లేని వైపు. మెడ తిప్పి టోపీ లైటు వేసింది. ఎర్రటి మసకలో కింది తీగ కింద నుంచి ఏదో దూరుతోంది. నల్లగా, లావుగా, నాలుగు కాళ్ళ మీద, తల నేలకి ఆనించి మూలుగుతోంది.

ఈ చుట్టుపక్కల ఎవర్ని అడిగినా అది పందే అనేవాళ్ళు. ఆవిడ చూస్తూ కూర్చుంది. పందికైతే లైటు పడగానే కళ్ళు మెరవాలి. దీనికి మెరవలేదు. పంది కంచె కింద ఆగదు, దూసుకుపోతుంది. ఇది ఆగిపోయింది. చెయ్యి రైఫిలు మీద పడింది గానీ ఎత్తలేదు.

"పందివైతే పో," అంది గట్టిగా. "మనిషివైతే మాట్లాడు."

"అక్కా! నేనే! కాల్చకే తల్లీ, నేనే!"

ఓలీటా లివరు లాగి ఒక్కో తూటా బయటికి తీసి జేబులో వేసుకుంది. ఒక తూటా గడ్డిలో జారిపోయిందని, అది ఇప్పటికీ దొరకలేదని నాతో చెప్పింది. తర్వాత లేచి వెళ్ళి తమ్ముడి నెత్తి మీద నిలబడింది. డెల్మర్ ప్యాంటు వెనకభాగం ముళ్ళకి పట్టుకుని ఉంది. ముందుకి రాలేడు, వెనక్కి పోలేడు.

"ఎందుకొచ్చావు?"

"నీకు కనపడుతుందో లేదో చూద్దామని."

"కనపడ్డావు. ఇంకా?"

డెల్మర్ గడ్డిలో మొహం పెట్టుకుని నసిగాడు.

"ఇంకా?"

"రైఫిలు పట్టుకుపోదామని." అంతలోనే కాస్త ధైర్యం వచ్చింది. "చూశావా మరి? ఇందుకే నేను మొత్తుకునేది! నేను చచ్చుండేవాణ్ణి కదా!"

"ఇందుకే ఏంటిరా? నేను కాల్చానా? నువ్వు పందిలా పాకుతూ వచ్చి, పందిలా మూలిగినా నేను కాల్చలేదు. కాల్చనిదాన్ని నేను తుపాకీ ఎందుకు వదలాలి? వదలాల్సింది నువ్వు, ఆ ప్యాంటు!"

నిజంగానే ప్యాంటు వదిలితే గానీ బయటికి రాలేకపోయాడు. ఇంటికి తీసుకెళ్ళి వెర్నర్ పాత ప్యాంటు ఇచ్చి, సాసేజీలు వేయించి పెట్టింది. తింటున్నంతసేపూ తిట్టింది. తిట్టి తిట్టి వచ్చి అతనికి ఎదురుగా కూర్చుంది. "ఎమ్మెట్ మాట వినకుండా మొదటిదే ఉంచుకుని ఉంటే, తుపాకీ ఎత్తి దాంతోనే వెతికేదాన్నేమోరా," అంది. "నీ మీదికే ఎత్తేదాన్ని." డెల్మర్ ఇంకో సాసేజీ వెయ్యమన్నాడు.

సోమవారం ఆవిడే ఫోన్ చేసింది. "నా కుడివైపు మీదేగా నీ దిగులంతా? వచ్చి కుడివైపు కూర్చో. దగ్గావంటే పంపించేస్తాను."

వెళ్ళాడు. మొదట్లో ఏమీ రాలేదు. దోమలు కుట్టాయి, ఇద్దరూ చిన్నప్పటి గొడవలన్నీ తవ్వి తీశారు. ఒక సాయంత్రం గాలి వాగు మీంచి ఎదురు వీస్తుండగా డెల్మర్ ఆవిడ మోచేతిని వేలితో తాకాడు. ఆవిడ అప్పటికే విన్నది. టోపీ లైటు వేసింది. తొట్టి దగ్గర కళ్ళు, ఎర్రగా, గుంపుగా. అన్నిటికన్నా ఎత్తున ఒక జత. మేకలు ఆ రాత్రి అవతలి దొడ్డిలో ఉన్నాయి, తొట్టి వెనక మట్టికట్ట తప్ప ఏమీ లేదు. అప్పుడు ఎత్తింది రైఫిలు. బొటనవేలు నొక్కింది. ఆకుపచ్చటి వెలుగు కొమ్మల సందులోంచి తాడు విసిరినట్టు సూటిగా పోయి ముసలిపంది భుజం మీద పడింది. ఆ వెలుగులో ముందు గురిముక్క నల్లగా, స్పష్టంగా నిలబడింది.

ఒక్క చప్పుడు. లివరు ఆడింది, ఇంకో చప్పుడు. పెద్దది తొట్టి పక్కనే పడింది, ఇంకొకటి కట్ట ఎక్కబోయి దొర్లింది. మిగతావి వాగులో కలిసిపోయాయి.

"పడింది!" అని డెల్మర్ లేచి గంతులేశాడు. "ఒంటికన్నుతో, అక్కా, ఒంటికన్నుతో—"

"ఇంకోసారి ఆ మాటంటే నువ్వు నడిచి ఇంటికి పోతావు," అంది ఓలీటా. "తుపాకీ ఎవరన్నా ఒక కంటితోనే కాలుస్తారు. రెండోది మూసుకుంటారు."

మర్నాడు డెల్మర్ మా కొట్లో ఈ కథని పొద్దున్నించి సాయంత్రం దాకా చెప్పాడు. కంచెలో ఇరుక్కున్న భాగం మాత్రం వదిలేశాడు. ఆ భాగం తర్వాత ఓలీటా వచ్చి చెప్పింది.

పందులు పోలేదు. పందులు ఎక్కడికి పోతాయి? జూన్‌లో ఇంకో గుంపు దిగింది. కానీ ఆ ఏడు పుట్టిన మేకపిల్లల్లో చాలావరకు బతికాయి. ఆగస్టులో బొచ్చు కత్తిరించే మనుషులొస్తే ఓలీటా వాళ్ళతో పాటే నిలబడి పనిచేసింది.

ట్రాయ్ బెనెడిక్ట్ ఆశ చావక శరదృతువులో మళ్ళీ వెళ్ళాడు, ఈసారి కౌలు కాయితాలు రాయించుకుని మరీ. ఆవిడ అతనికి పీచ్ పండ్ల తీపివంటకం పెట్టి, తినేదాకా ఆగి, కాయితాలు చదవకుండానే వెనక్కిచ్చింది. వారం తిరక్కుండా ఆవిడ గేటు మీద ఒక రేకుబోర్డు వెలిసింది. అక్షరాలు డెల్మర్ రాశాడు కాబట్టి వంకరగా ఉన్నాయి. మాటలు ఆవిడవే: "ఈ పొలంలో పందుల్ని కాల్చేది నేనే. అడగొద్దు." పక్క గేటు మీద ఎవరో తూటాతో కొట్టిన బోర్డు చూసి, దీన్నీ కొడతారేమో అన్నాను.

"కొట్టనీ," అంది ఓలీటా. "గురి చూసే కొడతారుగా. చదవడం తప్పదు."